అత్తయ్య నంబరిచ్చాను

మా అత్తయ్య కుట్టుమిషన్ మీద కూర్చుంటే లోకం మునిగినా తలెత్తరు. అందుకే ఆవిడ ఫోనుకి వచ్చే మెసేజీలు ఫోనే పైకి చదివేలా నేనే పెట్టాను. మిషన్ చప్పుడులో వినపడాలి కదా అని గొంతు కూడా పెద్దది చేశాను.

పాప పుట్టాక నాకో ఇబ్బంది మొదలైంది. తుమ్మినా, నవ్వినా బట్టలు తడిసేవి. మా ఆయనకి చెప్పడానికే నోరు రాలేదు, ఇక అత్తయ్యకేం చెబుతాను? చివరికి ఫోనులోనే డాక్టరమ్మతో మాట్లాడే యాప్ ఒకటి వేసుకున్నాను. ఆ రోజు నా నంబరుకి మెసేజీలు రావట్లేదు. కోడ్ రావాలి కాబట్టి అత్తయ్య నంబరిచ్చాను. ఆ తర్వాత పేజీల మీద పేజీలు వచ్చాయి. చంకలో పాప గుక్కపట్టింది. నా చదువు తొమ్మిదితోనే ఆగిపోయింది. చదవగలను గానీ నిదానంగా. అడిగినదానికల్లా ‘సరే’ నొక్కేశాను. డాక్టరమ్మ మాత్రం బంగారంలాంటి మనిషి. ఓపిగ్గా విని వ్యాయామం చెప్పింది.

మర్నాడు పక్కవీధి టీచరమ్మ జాకెట్టు సరిచూసుకోడానికి వచ్చింది. నేను గుండీలు కుడుతున్నాను. బల్ల మీద ఫోను గొంతెత్తింది.

“ప్రసవం తర్వాత మూత్రం ఆపుకోలేకపోతున్నందుకు మీరు ఈరోజు చేయవలసిన వ్యాయామం...”

నా పైప్రాణాలు పైనే పోయాయి. టీచరమ్మ నావైపు తిరగబోయింది. మిషన్ ఆగింది.

“నాకేలెండి,” అన్నారు అత్తయ్య.

“ప్రసవమా? మీకా?”

“పాతికేళ్ళ కిందటిది. ఫోనుకిప్పుడు గుర్తొచ్చినట్టుంది పాపం. ఏదీ, చెయ్యెత్తండి, చంక దగ్గర బిగుతుందేమో చూస్తా.”

టీచరమ్మ నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఊరుకో పిచ్చిదానా. ముందా యాప్ పీకెయ్. ఊరంతా చాటింపు వేసే డాక్టరు మనకెందుకు?”

“ఆవిడ తప్పేం లేదత్తయ్యా. నేనే మీ నంబరిచ్చాను. చదవకుండా అన్నిటికీ సరే అన్నాను.”

“కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరిస్తామటే? పాపని ఇటివ్వు. ఇప్పుడు చదువు. తొందరేం లేదు.”

ముందు ఆవిడ నంబరు తీసి, మళ్ళీ పనిచేస్తున్న నా నంబరు పెట్టాను. తర్వాత ఒక్కో ముక్కా వేలు పెట్టి పైకి చదివాను. ‘మీ ఆరోగ్య వివరాలు మందుల కంపెనీలకు ఇవ్వవచ్చా?’ అని ఒకచోట ఉంది. దానికీ సరే అనేసి ఉన్నాను.

“మనింటి గుట్టు వాళ్ళకెందుకట? వియ్యమందుతారా?” అన్నారు అత్తయ్య.

“మీరు నవ్వించకండి, మీకు దణ్ణం పెడతా!” అన్నాను. ఆ అనుమతి తీసేశాను. మెసేజీలో జబ్బు పేరు కనిపించాలా అని ఇంకోచోట అడిగితే వద్దన్నాను. అలా పేజీలన్నీ అయ్యేసరికి పాప ఆవిడ భుజం మీద నిద్రపోయింది.

“అయితే ఇక నీ సంగతులేవీ నాకు రావన్నమాట,” అన్నారు.

“రావు.”

“మంచిదే.” పాప వీపు నిమిరారు. “చెప్పాలనిపిస్తేనే చెప్పు. లేకపోతే వద్దు. బాగా ఇబ్బందిగా ఉందా అమ్మా?”

ఫోను పక్కన పెట్టాను.

“చాలా ఉందత్తయ్యా,” అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి వీధి తలుపు మూసి వచ్చారు.