ఔటర్ సిగ్నల్, ఆదెమ్మ గేదె

జి.కొండూరు అవతలి చిన్న స్టేషన్లో ఔటర్ సిగ్నల్ ఆ వారం మళ్లీ మొరాయించింది. కేబిన్లో మీటతో తీగ లాగినా దూరాన సిగ్నల్ చెయ్యి వాలలేదు. అది వాలితేనే బండి లోపలికి రావాలి. పాసింజరు బండి ఎండలో నిలబడిపోయింది. సిగ్నల్ మెకానిక్ బాలస్వామి కోసం, నందిగామలో పంతులమ్మగా ఉన్న భార్య రత్నమణి ఈ ఆదివారమైనా వస్తాడని చూస్తూ ఉంటుంది. అతను మాత్రం రెంచీ పట్టుకుని బయల్దేరాడు.

"తీగ మార్చెయ్యవయ్యా, గొడవ వదిలిపోద్ది," అన్నాడు స్టేషన్ మాస్టరు వరప్రసాదరావు.

"మార్చానండీ. తీగ నడిచే కప్పీలూ మార్చా. తీగ తెగితే చెయ్యి పైనే ఉంటది, బండి ఆగుద్ది, అంతే. మనం లాగకుండానే వాలిపోతేనో? స్టేషన్లో ఇంకో బండి ఉండగా డ్రైవరు వచ్చేస్తాడు!"

"ఎప్పుడైనా అలా వాలిందా?"

"వాలేదాకా ఆగమంటారా?"

మాస్టరు విసనకర్ర ఊపుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. బండి ఆలస్యమైతే పైనుంచి ఫోను వస్తుంది. ఇంకా జరగని ప్రమాదం గురించి ఎవరూ ఫోను చెయ్యరు. బాలస్వామికి ఒళ్లు మండిపోయింది.

తీగ వెంట ఒక్కో కప్పీ తడుముతూ నడిచాడు. తుమ్మచెట్టు నీడలో, కప్పీ బిగించిన గుంజకే ఎవరో గేదెను కట్టేశారు. పలుపు తీగకు మెలిపడి ఉంది. అతను చూస్తుండగానే గేదె దురదకొద్దీ తీగకు మెడ ఆనించి గట్టిగా రుద్దుకుంది. దూరాన సిగ్నల్ చెయ్యి సగందాకా వాలి, మళ్లీ లేచింది.

"ఎవరిదీ గొడ్డు!" అని కేకేశాడు బాలస్వామి.

గడ్డి కోస్తున్న ఆదెమ్మ తల ఎత్తింది. "నాదే బాబూ. ఏం చేసింది?"

"రైల్లో జనాన్ని చంపబోయింది! ఇక్కడ కట్టమని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"మరెక్కడ కట్టను? చేలో కడితే ఆసాములు ఊరుకుంటారా? నీడా ఇక్కడే, గుంజా ఇక్కడే."

కేసు పెడదామన్నాడు మాస్టరు. ఆదెమ్మను తరిమితే అదే నీడకు రేపు ఇంకొకరు వస్తారు, ఆ మాట చెప్పి చెప్పి బాలస్వామి నోరు నొప్పెట్టింది. చివరికి పాడైన స్లీపరు చెక్కొకటి తెచ్చి, చెట్టుకు అవతలి వైపు, పలుపు తీగకు అందనంత దూరంలో తనే పాతాడు. తీగకు అడ్డంగా పాత పట్టాముక్కలతో దడి కట్టాడు.

"గుంజ బాగుంది బాబూ, నీళ్ల తొట్టి కూడా పెట్టించు," అంది ఆదెమ్మ.

బాలస్వామి రెంచీ తీసుకుని స్టేషన్ వైపు నడిచాడు.

తర్వాత వారమంతా సిగ్నల్ చెప్పినట్టు విన్నది. ఆదివారం జగ్గయ్యపేట బస్సెక్కి నందిగామలో దిగాడు. సంగతి విని రత్నమణి పకపకా నవ్వింది. "ఇన్నాళ్లూ గేదె కోసం ఆగిపోయారా?"

సగం వాలిన ఆ సిగ్నల్ చెయ్యి బాలస్వామికి ఇంకా కళ్ల ముందే ఉంది. చెప్పబోయి, విసుగొచ్చి మానేశాడు.

"ముందు అన్నం పెట్టవే," అన్నాడు.