ఏడవని పిల్ల

అన్నయ్య కూతురు ముందుగదిలో బోర్లా పడుకుని రంగులు వేస్తోంది. కంటికి పట్టీ ఉంది. అయినా గీత దాటకుండా ఎంచక్కా వేస్తోంది, పైగా కూనిరాగం.

"చూశావా, ఎంత బుద్ధిమంతురాలో! పట్టీ వేస్తే కిక్కురుమనదు," అంది అమ్మ మురిసిపోతూ.

నాకు అనుమానం వచ్చింది. పిల్లకు బలహీనమైనది ఎడమ కన్ను. బాగున్న కుడి కన్ను మూస్తేనే ఆ ఎడమది గతిలేక పని నేర్చుకుంటుందని డాక్టరమ్మ నా ఎదుటే చెప్పింది. అలా మూసినప్పుడు నాలుగేళ్ళ పిల్ల బొమ్మలకు రంగులు వేయదు. గోడలు తడుముకుంటుంది, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. వంగి చూశాను. పట్టీ ఎడమ కంటి మీదే ఉంది.

"ఇటువైపు ఎవరు పెట్టారు?"

"నేనే. మీ అన్నయ్యా వదినా ఆఫీసుకు వెళ్ళాక మారుస్తాను, వాళ్ళొచ్చేలోపు మళ్ళీ అటు పెట్టేస్తాను. బాగాలేని కంటికి కాస్త విశ్రాంతి ఉండొద్దూ? కాలు బెణికితే దానికే కదా కట్టు కడతాం!"

ఒళ్ళు మండిపోయింది. నాకూ ఎడమ కన్నే బలహీనం, చిన్నప్పుడు అమ్మ నాకూ పట్టీ ఇలాగే మార్చింది. నేనూ కిక్కురుమనలేదు. పట్టీతో కూడా ముద్దొస్తోందని పక్కింటివాళ్ళు మెచ్చుకున్నారు. కంటికి రెప్పలా పెంచానని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నిజమే, రెప్ప మూసేసి పెంచింది. తొమ్మిదో ఏట డాక్టరు నా ఎడమ కంట్లో లైటు వేసి చూసి, "కన్ను భేషుగ్గా ఉంది, మెదడే దాన్ని వదిలేసింది" అన్నాడు. ఇంట్లో అందరికీ మొదటి సగమే వినబడింది. నేనెప్పుడు ఆ సంగతి ఎత్తినా, "బాగానే ఉందన్నాడుగా" అంటుంది అమ్మ.

రెండో సగం నాకు లాబ్‌లో అర్థమైంది. పిల్లికూనల మెదడును పల్చటి పొరలుగా కోసి, గాజు పలకల మీద పరిచి రంగు పట్టించడం నా ఉద్యోగం. ప్రయోగం కోసం, కళ్ళు తెరిచిన కొత్తలో కూనకు ఒక కంటి రెప్ప కుట్టేస్తారు, కొన్ని వారాలకు విప్పుతారు. ఆ కన్ను నిగనిగలాడుతూనే ఉంటుంది, కానీ దేనికీ అక్కరకు రాదు. దాని చూపు అందుకోవలసిన కణాలు ఊరికే కూర్చోవు, రెండో కంటి పక్షం చేరిపోతాయి. మైక్రోస్కోపులో రెండు కళ్ళకు చెందిన కణాల చారలూ పక్కపక్కనే కనబడతాయి. తెరిచి ఉన్న కంటిది రిబ్బనంత వెడల్పు, మూసిన కంటిది దారపు పోగు. పెద్ద పిల్లికి ఎన్నాళ్ళు మూసినా ఇలా జరగదు. పసితనంలో పోయింది మాత్రం తర్వాత కన్ను తెరిచినంత మాత్రాన తిరిగి రాదు. ఆ పోగును చూసినప్పుడల్లా నా తలలోనూ ఇంతే మిగిలి ఉంటుందనుకుంటాను.

పట్టీ ఊడదీసి పిల్ల కుడి కంటికి అంటించాను. కెవ్వుమంది. పెన్సిలు కోసం తడుముతూ బల్లకు గుద్దుకుంది.

"రాక్షసివే నువ్వు! పసిదాన్ని అలా ఏడిపిస్తావా? నిన్ను ఒక్కరోజైనా అలా ఏడిపించానా?"

"లేదు. అదే నా ఖర్మ."

కుడి కన్ను అరచేత్తో మూసుకుని అమ్మకు ఎదురుగా నిలబడ్డాను. అమ్మ ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"నేను కనబడుతున్నానా?"

"ఎవరో ఉన్నట్టు తెలుస్తోంది. గొంతు విన్నాను కాబట్టి నువ్వనుకుంటున్నాను."

"నా మొహం?"

"లేదమ్మా."

చెయ్యి తీసేశాను. అమ్మ ఏడుస్తోంది.

పిల్ల నేల తడుముకుంటూ వచ్చి నానమ్మ కాళ్ళు చుట్టేసుకుంది. "తీసెయ్ నానమ్మా, తీసెయ్!" అమ్మ చెయ్యి పట్టీ దగ్గరకు వెళ్ళింది. ఊడదీసి అంటించిన పట్టీ, అంచు లేచిపోతోంది. నేను అడుగు ముందుకు వేశాను. అమ్మ ఆ అంచును బొటనవేలితో గట్టిగా నొక్కి అంటించింది. పిల్ల ఆవిడను రక్కి, గిల్లి, ఊపిరి అందనంతగా ఏడ్చింది. అమ్మ చెయ్యి తీయలేదు.

నేను సంతోషించాలి. కానీ ఆ పిల్లను చూస్తుంటే ఈర్ష్య పుట్టింది. అంత ఏడుపు నాకు ఒక్కనాడూ దక్కలేదు.