కూరలు తరిగే చెక్క

తడి మాప్ అంచుతో శాంతకుమారి కారిడార్ నేల మీద ‘అ’ రాసింది. పక్కనే ‘ఆ’. నర్సు వచ్చేలోగా రెండూ ఆరిపోయాయి. ఇంగ్లండులోని లీసెస్టర్ ఆస్పత్రిలో ఆదివారం పొద్దున ఆరున్నర. ఏడేళ్ల కిందట భర్త పోయాక, యాభై నాలుగేళ్ల వయసులో ఆమె అక్షరాలు దిద్దుకున్నది ఈ నేల మీదే. అంతకుముందు ముప్పై ఏళ్లు చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, కంఠతా వచ్చిన పాటలే పాడింది. పక్కామె పేజీ తిప్పితే తనూ తిప్పేది.

షిఫ్టు దిగి, యూనిఫారం మీదే కోటు తొడుక్కుని, రెండు గంటలకు తెలుగు చర్చివాళ్లు అద్దెకు తీసుకున్న హాలు తెరిచింది. తాళంచెవిని గోడ మేకుకు తగిలించింది. ఆరుగురు పిల్లలు. వాళ్లకు తెలుగు నేర్పేది ఆమే. ‘టీచరాంటీ’ అని ఆమెను పిలిచే చోటు లోకంలో అదొక్కటే.

ఈ నెల కొత్త వాచకం వచ్చింది. సంఘపెద్ద దేవదానంగారు అచ్చు వేయించారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఇక్కడి నుంచి ఓడలెక్కి అమెరికా వెళ్లిన ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన క్రైస్తవులు తమ పిల్లలకు చదువునూ దైవభయాన్నీ ఒకే పుస్తకంలో నేర్పారని ముందుమాటలో రాశారు. లోపల ‘న – నరకం’, ‘పా – పాపి’, ‘మ – మరణం’. అందులో ఆమెకు నచ్చింది ఒక్క బొమ్మే. అక్షరాల కాగితం అతికించిన పిడిచెక్క పట్టుకుని నిలబడ్డ ఆనాటి పిల్ల. తనూ వంటింట్లో కూరలు తరిగే చెక్కకు పిల్లల పేర్లు రాసిన కాగితం అతికించి తెచ్చింది.

ఏడేళ్ల మధులిక ‘మ’ దగ్గర ఆగిపోయింది. పోయిన నెలే ఆ పిల్ల అమ్మమ్మ చనిపోయింది.

“ఐ డోంట్ లైక్ దిస్ వన్, టీచరాంటీ.”

“నాకూ నచ్చలేదే. మూసెయ్.” శాంతకుమారి చెక్క అందించింది. “ఇదెవరి పేరో చూడు.”

పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. “మ... ధు... ఇట్స్ మీ!”

గుమ్మంలో దేవదానంగారు దగ్గారు. “ఏంటమ్మా ఇది? వచ్చే వారం పిల్లలు సంఘం ముందు వాచకం చదవాలి. మనమూ సముద్రం దాటినవాళ్లమే. భయం లేకపోతే ఈ దేశంలో పిల్లలు మన మాట వింటారా?”

“భయానికి చదువెందుకయ్యగారూ? చదువు రానప్పుడు నాకు బోలెడుండేది. ఉప్పో పంచదారో తెలీక ప్యాకెట్టుని చూసినా భయమే.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

“పుస్తకం చెప్పండి. లేదంటే తాళంచెవి ఇచ్చెయ్యండి.”

శాంతకుమారి మేకు మీది తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పిల్లల వైపు తిరిగింది.

“అమ్మానాన్నలకి చెప్పి, వచ్చే ఆదివారం మా ఫ్లాట్‌కి రండర్రా. తలుపు మీద తెలుగులో పేరు రాసిపెడతా, మీరే చదివి తట్టండి.”

“మరి చెక్క?” అంది మధులిక.

“ఉండనీ. ఇక్కడికొచ్చేవాళ్లు చదువుకుంటారు. నాకు ఇంట్లో చపాతీ పీట ఉందిలే.”

కోటు గుండీలు పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది. తాళంచెవి ఉండే మేకుకు ఆమె తగిలించిన కూరలు తరిగే చెక్క వేలాడుతోంది. కత్తి గాట్లు, ఓ పసుపు మరక, ‘మ’ మీద చిన్న వేలి జిడ్డు.