చూడని వైపు

మట్టిముద్దను బల్లమీద కొట్టి, అరచేతులతో అదిమి, మడిచి, మళ్ళీ కొట్టాడు. లోపల గాలిబుడగ మిగిలితే ఎండాక అదే పగులై బయటపడుతుంది. మ్యూజియం వెనకవైపు, మెట్లకింది గదిలో బొమ్మల మేస్త్రి పొద్దున్నే చేసే మొదటి పని అది. కిటికీ ఎత్తుగా ఉంటుంది. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. చెప్పుల్నీ నడకనీ బట్టి మనిషి ఎవరో ఊహించడం ఆయనకు సరదా. ఊహ తప్పిన రోజున ఇంకా సరదా.

గోడల పొడవునా ఆయన చేతిపనే. చేపలు, పుర్రెలు, పుట్టగొడుగులు, మనిషి కాలంత తేనెటీగ కాలు. అసలుది ఎదురుగా పెట్టుకోనిదే ఆయన మట్టి ముట్టడు. ఒకసారి పుస్తకంలో బొమ్మ చూసి తొండను చేయమంటే, నిజం తొండను పట్టి తెచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "చూడందాన్ని చేస్తే అది బొమ్మ కాదు, పుకారు" అనేవాడు.

అలాంటివాడి ముందు ఇప్పుడు ఇనుప కడ్డీకి గుచ్చిన పెద్ద మట్టిగడ్డ ఉంది. దగ్గరనుంచి ఎవరూ చూడని రాయి అది.

అబ్జర్వేటరీలో పనిచేసే అమ్మాయి నెలక్రితం ఆ పని తెచ్చింది. చూపు లేనివాళ్ళు తడిమి తెలుసుకునే గదిలో పెట్టడానికట.

"అంగారకుడికీ గురుడికీ మధ్య ఇలాంటి రాళ్ళు బోలెడు తిరుగుతుంటాయి మేస్త్రిగారూ. గ్రహశకలాలంటాం. ఇది అంత గొప్పదేం కాదు, ఉత్త రాయి."

"గొప్పది కాకపోతే దాని వెంట మీరెందుకు పడ్డారమ్మా?"

"గొప్పవాటి వెంట పడేవాళ్ళు చాలామంది ఉన్నారు కదండీ."

ఆ జవాబు ఆయనకు నచ్చింది. కానీ ఎంత పెద్ద దుర్భిణిలో చూసినా అది చుక్కేనని, ఆ చుక్క వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని, దాన్నిబట్టే ఆకారం లెక్కగట్టామని ఆమె చెప్పినప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన చిన్న మట్టిముద్దను పొడుగ్గా చేసి, తీగకు గుచ్చి, దీపం ముందు తిప్పాడు. వెడల్పు వైపు తిరిగినప్పుడు వెలుగు ఎక్కువ, కొన తిరిగినప్పుడు తక్కువ. మళ్ళీ తిప్పాడు. "అయితే ఇది పొర్లుకుంటూ పోతోందన్నమాట" అన్నాడు చాలాసేపటికి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేదాకా దీపం ఆర్పలేదు.

ఇవాళ వచ్చేసరికి ఆమెకు గడ్డ మూడొంతులు తయారై కనిపించింది. ఆయన కడ్డీని పట్టుకుని గడ్డను తిరగేశాడు.

"ఈ అడుగు వైపు సంగతేంటమ్మా? మీరు లెక్కగట్టి ఇచ్చిన బొమ్మల్లో ఎక్కడా లేదు."

"ఆ వైపు తెలీదండీ. ఎంత పొర్లినా అడుగు అన్ని ఏళ్ళూ ఇటు కనపడదు, కనపడాల్సిన ఏడాది మాకు మబ్బులు. మళ్ళీ తిరగాలంటే ఏళ్ళు పడుతుంది. సుమారుగా నున్నగా చేసేయండి, అడుగు ఎవరు చూస్తారు?"

"చూడరు. తడుముతారు."

ఆమె నాలుక కరుచుకుంది. "నిజమే. ఎల్లుండి అచ్చు పోయాలి మరి."

"సాయంత్రం రండి. ఏదో ఒకటి తేలుస్తాను."

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళాడు. ఇల్లంటే రెండు వీధులవతల, మేడమీద రెండు గదులు. ఆయనా, అక్కా. తల్లి పోయాక అక్కే పెంచింది. భర్త పోయాక ఆమె మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకు అక్క "వాడికి పిల్లని నెలరోజులు ఎదురుగా కూర్చోబెట్టి చూపించాలి, ఎవరొప్పుకుంటారు?" అనేది.

తండ్రి ఆయన పుట్టకముందే రాళ్ళ క్వారీలో పోయాడు. ఒక్క ఫోటో లేదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో, చిన్నప్పుడెప్పుడో అమ్మ చెప్పిన నుదురు, బాబాయి చెప్పిన గడ్డం, అక్క చెప్పిన ముక్కు కలిపి తండ్రి తల చేశాడు. అక్క చూసి "ఎవర్రా ఇతను?" అంది. ఆ పూటే దాన్ని మళ్ళీ మట్టిముద్ద చేసేశాడు. చూడనిదాన్ని చేయకూడదన్న పట్టు అక్కడ మొదలైంది.

అన్నం కలుపుతూ ఉన్నట్టుండి అడిగాడు. "అక్కా, నాన్న వెనకనుంచి ఎలా ఉండేవాడు?"

"వెనకా? వెనకైతే బాగా గుర్తుంది. నన్నెప్పుడూ భుజాలమీదే ఎక్కించుకునేవాడు. మెడమీద ఇక్కడ సుడి ఉండేది. చెమట పడితే ఉప్పగా వాసనొచ్చేది. మొహమే నాకు తెలీదురా. పైనుంచి కనపడేదేంటి, జుట్టు తప్ప?"

"మరి ముక్కు చెప్పావుగా."

"నువ్వు అడిగి అడిగి ప్రాణం తీసేవాడివి. బడి పంతులుగారి ముక్కు చెప్పాను."

ఆయన పొలమారేదాకా నవ్వాడు. అక్క ముందు కంగారుపడి, తల తట్టి, ఆ తర్వాత తనూ నవ్వింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "తెలీదంటే నువ్వు ఏడ్చేవాడివి" అంది ఆమె, మజ్జిగ పోస్తూ.

తిరిగొచ్చాక అడుగువైపు అప్పటికి ఊరికే నునుపు చేసి ఉంచిన మట్టినంతా గీకేశాడు. తెలీదని నోటితో అనడం తేలికే. మట్టితో అనడమెలా? చదునుగా కోసి చూశాడు. ఆ రాయి నిజంగానే చదునుగా ఉందనిపించింది. గరుకు చేశాడు. నిజంగానే గరుకనిపించింది. వేళ్ళతో అదిమిన గుంటలు వదిలేస్తే, అవి రాతి గుంటలే అయ్యాయి. ఏం చేసినా మట్టి ఏదో ఒకటి తెలుసన్నట్టే ఉంటోంది. ఆయనకు కోపం రాలేదు. ఇన్నేళ్ళు పిసికిన మట్టిలో ఇంకా ఇలాంటి తిరకాసు ఉందా అని ముచ్చటేసింది. అచ్చంగా నోరున్న మనిషిలా వాదిస్తోంది.

కొత్తమట్టి మెత్తి, ఏ రూపమూ ఇవ్వకుండా అలాగే వదిలేశాడు. పూర్తయిన భాగాన్ని ప్లాస్టిక్ కాగితంతో కప్పి, మెత్తగా ఉన్న అడుగువైపు ఆరిపోకుండా తన పాత చొక్కా ఒకటి తడిపి చుట్టి, తాడుతో బిగించాడు. చేతులు కడుక్కుని, గోడకు జారబడి స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీలో కాళ్ళు పోతున్నాయి. ఒక జత ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకెళ్ళింది. ఏం మరిచిపోయిందో కనుక్కోవాలనిపించి మెడ కొంచెం సాచాడు.

అమ్మాయి వచ్చేసరికి ఆయన అలాగే, తల కిటికీవైపు ఉంచి కూర్చున్నాడు. "తేలిందా మేస్త్రిగారూ?" అంది. రెండోసారి పిలిచి, దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి తడిగా, చల్లగా ఉంది.

కర్మకాండలు, సెలవులు అయ్యేదాకా ఆ గది ఎవరూ తెరవలేదు. తెరిచాక తాడు విప్పి చొక్కా తీస్తే, దాని నేత మొత్తం మట్టిలో దిగి ఉంది. పైఅంతస్తు పనివాడు తడిగుడ్డతో తుడిచి నునుపు చేస్తానన్నాడు. అమ్మాయి చాలాసేపు చూసింది.

"వద్దు. ఆ వైపు ఎలా ఉంటుందో మాకు తెలీదు. గుడ్డ కప్పి ఉందనే చెబుదాం. ఇలాగే అచ్చు పోయండి."

తడిమి తెలుసుకునే గది తెరిచిన రోజున అక్కను తీసుకొచ్చారు. చూపున్న మనిషే అయినా, అందరిలాగే ఆమె కళ్ళు మూసుకుని రాయిని తడిమింది. పొడవునా వెళ్ళి, వంపు తిరిగి, వేళ్ళు అడుగుకు చేరి ఒకచోట ఆగాయి.

"ఇది నేను కుట్టిందే. రంగు కలవలేదని వారంరోజులు గొణిగాడు" అంది.

నేతగీతల నడుమ, వేలికొన పట్టేంత గుండ్రటి పల్లంలో, నాలుగు చిల్లుల బొత్తాం అచ్చు, అడ్డదిడ్డంగా వేసిన దారపు పోగులతో సహా.