బుధవారం మీటింగు

కెమెరా కింద నాలుగు పాత రిజిస్టర్లు చాలలేదు. చిన్నబ్బ ఐదోది పెట్టి తెరలో చూశాడు. మేనేజరు కుర్చీలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను నిలబెట్టి, దాని మీద ఒక చెంబు బోర్లించి ఉంది. మేనేజరు ఢిల్లీబాబు కూర్చుంటే సరిగ్గా అంతే ఎత్తు. చెంబు మీద జానెడు ఖాళీ, వెనక తెల్లగోడ, గోడ మీద కంపెనీ బోర్డు కనబడ్డాయి. సరిపోయింది. క్యాను దించి, కుర్చీ తుడిచి, ఫ్యాను ఆపేశాడు.

పూతలపట్టు రోడ్డులోని ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అప్పటికే ఎండ వాయించేస్తోంది. బయట తోతాపురి కాయల లారీలు వరసకట్టి ఉన్నాయి. మీటింగు అయ్యేదాకా హారన్లు కొట్టనివ్వొద్దని వాచ్‌మన్‌కు చెప్పి వచ్చాడు. తర్వాత కిటికీలు మూసి, పాత గోనెసంచులు తడిపి సందుల్లో కూరాడు. అవతల గుజ్జు తీసే మిషన్ల రొద మైకులోకి రాకూడదు. ప్రతి బుధవారం ఇదే పని.

చిన్నబ్బ పంతొమ్మిదేళ్లప్పుడు ఇక్కడ కాయలు కడిగే పనిలో చేరాడు. తర్వాత కాటా దగ్గరికి మారాడు. కాటా మీద జారిపడి మోకాలు విరిగాక ఆఫీసులో పడేశారు. టీలు, ఫైళ్లు, జెరాక్సు. అలాగే ముసలివాడైపోయేవాడే. కరోనా వచ్చి చెన్నైలోని ఓనరు రావడం మానేశాడు, బుధవారం పదింటికి అందరూ తెరలో కనబడాలన్నాడు. డిగ్రీలు చదివిన నలుగురూ కంప్యూటరు ముందు నోళ్లు వెళ్లబెట్టారు. ఆ రోజుల్లోనే చిన్నబ్బ కూతురు రూపశ్రీకి పదో తరగతి పాఠాలు ఫోనులో జరిగేవి. సిగ్నలు కోసం మిద్దె మీద ఫోను పట్టుకుని నిలబడి నిలబడి, ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఇతను నేర్చేసుకున్నాడు. తొమ్మిది తప్పినవాడు ఆఫీసు మొత్తానికి పంతులయ్యాడు, ఏం చేస్తాం!

ఇన్నేళ్లలో ఒక్క మీటింగూ చెడలేదు. అయినా చిన్నబ్బ అనే మనిషి ఉన్నాడని చెన్నైలో ఎవరికీ తెలియదు. తెరకు ఎడమ పక్కన స్టూలు వేసుకుని, మౌస్ చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. బొమ్మ ఎక్కడితో ఆగిపోతుందో నేల మీద టేపు అంటించుకున్నాడు. ఆ టేపు ఎప్పుడూ దాటలేదు.

సోమవారం చెన్నై నుంచి ఒక లిస్టు వచ్చింది. ఓనరుకున్న మూడు ఫ్యాక్టరీల్లోనూ ఆఫీస్ అసిస్టెంట్లు అక్కర్లేదట. అంటే చిన్నబ్బ కూడా. ఏమైనా చెప్పేదుంటే మేనేజర్లు బుధవారం మీటింగులోనే చెప్పాలి, ఆ తర్వాత లేదు. భార్య లోకేశ్వరికి రెండేళ్ల కింద గుండెలో వాల్వు మార్చారు. నెలనెలా రక్తపరీక్ష, మాత్రలు తిరుపతిలో ఈఎస్ఐ కార్డు మీదే. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే? చిన్నబ్బ రెండు రాత్రులు ఇంతవరకే ఆలోచించాడు. అక్కడి నుంచి ముందుకు పోవడానికి భయం వేసింది.

పది కావొస్తుండగా ఢిల్లీబాబు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఫ్యాను ఏసుకోవచ్చునా అబ్బా? సెమట్లు కారిపోతుండాయి."

"వొద్దు సార్, గాలి మైకులో కొడతాది." విసనకర్ర అందించాడు. "సార్... నా సంగతి మర్చిపోబాకండి," అన్నాడు.

"మర్చిపోతానా? లిస్టు మాట రాంగానే నీ పేరే ఎత్తుతా. ఇన్నేండ్ల మనిషప్పా నువ్వు."

మీటింగు మొదలైంది. ఎన్ని టన్నులొచ్చాయి, ఎన్ని డ్రమ్ములు నిండాయి అన్నీ అయ్యాయి. పదకొండుకు ఓనరు లిస్టు తీశాడు. తెర నిండా ఆ కాగితమే పరుచుకుంది, మనుషుల మొహాలు మూలకు పోయి గోరంత అయ్యాయి.

"ఢిల్లీబాబూ, ఏమైనా చెప్పాలా?"

ఢిల్లీబాబు సర్దుకుని కూర్చున్నాడు. "సార్, మా దగ్గర ఒగ మనిషి ఉండాడు..." అన్నాడు. అంతలో అతని భుజాలు పైకి లేచాయి.

అతనిది పాత దగ్గు. ఆ శబ్దమంటే ఓనరుకు చిరాకు, ఒకసారి అందరి ముందూ కసిరాడు కూడా. అప్పటి నుంచి ఢిల్లీబాబు భుజాలు లేస్తే చాలు, చిన్నబ్బ వేలు మైకు ఆపేస్తుంది. దగ్గు తీరగానే మళ్లీ తెరుస్తుంది. ఇప్పుడూ ఆపేసింది.

దగ్గు తీరింది. చిన్నబ్బ నొక్కాడు. మైకు తెరుచుకోలేదు. ఒకసారి ఆపినవాళ్లు మళ్లీ మాట్లాడాలంటే చెన్నై వాళ్లే తెరవాలి. ఈ వారం నుంచి కొత్త నియమం. పొద్దున మెయిల్ చదివి అందరికీ చెప్పింది కూడా అతనే.

ఢిల్లీబాబు మాట్లాడుతున్నాడు. "పొద్దన ఏడింటికే వొస్తాడు సార్, ఈ మీటింగులన్నీ వాని చేతి మిందనే..." ఎంత మంచిగా చెబుతున్నాడు! ఒక్క ముక్క గది దాటడం లేదు. చిన్నబ్బ చెయ్యెత్తే గుర్తు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. రెండు వేళ్లతో 'సార్ వాయిస్' అని టైపు కొట్టాడు. ఎవరూ చూడలేదు. ఇక ఆగలేక టేపు దాటేసి, కెమెరాకు అడ్డంగా వచ్చి రెండు చేతులూ ఊపాడు. మూలనున్న గోరంత గడిలో ఒక మాసిన గడ్డం, బెదిరిన కళ్లు కనబడ్డాయి. ఈ ముసలివాడెవడా అని చిన్నబ్బే అనుకున్నాడు ఒక్క క్షణం.

"సరి, ఢిల్లీబాబు ఏమీ అనడం లేదు," అన్నాడు ఓనరు కాగితం మీది నుంచి కళ్లెత్తకుండా. "లిస్టు ఫైనల్. నెక్స్ట్."

ఇంకో పది నిమిషాలకు తెర నల్లబడింది. ఢిల్లీబాబు వెంటనే చెన్నైకి ఫోను చేశాడు, ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాడు. మూడింటికి మెసేజి వచ్చింది, మీటింగులో అడిగినప్పుడు ఊరకుండి ఇప్పుడేమిటని. ఢిల్లీబాబు తల పట్టుకున్నాడు.

"పాడు దగ్గు. అది రాకుండా ఉండింటే..."

"దగ్గు మీ చేతిలో ఉండాదా సార్? చెయ్యి నాది." చిన్నబ్బ తన కుడిచేతిని చూసుకున్నాడు. దాన్ని నరుక్కోవాలనిపించింది. "ఇంటికాడ ఆయమ్మకు ఏమని చెప్పేది సార్?"

ఢిల్లీబాబు లీవుల రిజిస్టరు తిరగేశాడు. నెలాఖరు దాకా లీవులున్నాయి, వాడేసుకోమన్నాడు. చిన్నబ్బ తాళాలు బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి, ఒక కాలు ఈడ్చుకుంటూ గేటు దాటాడు. నాలుగింటి బస్సు ఎక్కడం వాచ్‌మన్ చూశాడు.

సాయంత్రం షిఫ్టు మారింది. ఆఫీసు వసారాలో గలగలా మాట్లాడుకుంటూ వచ్చినవాళ్లు మీటింగు గది ముందుకు రాగానే గొంతు తగ్గించి, మునివేళ్ల మీద నడిచి పోతున్నారు. లోపల ఎవరూ లేరు. 'మీటింగు జరుగుచున్నది, దయచేసి శబ్దము చేయవద్దు' అని చిన్నబ్బ గుండ్రటి అక్షరాలతో రాసిన అట్టముక్క, తలుపు గడియకు పురికొసతో వేలాడుతోంది.