దారం కొరికే పన్ను

మా అక్క నోరు తెరిచిందంటే చాలు, నాకు నీరసం వచ్చేస్తుంది. మాట్లాడటానికి తెరిచినా అంతే, నా కుర్చీలో వెనక్కి వాలి తెరిచినా అంతే.

నేను పళ్ల డాక్టర్ని. బయటివాళ్లు ముందుగా ఫోన్ చేసి, టైమ్ తీసుకుని వస్తారు. చుట్టాలు మాత్రం నేను షట్టర్ దించబోయే వేళకి వస్తారు. చేతులు కడుక్కుని, కోటు విప్పి కొక్కేనికి తగిలించాక, ఒక్క నిమిషం చూసి పంపించెయ్యమంటూ లోపలికొస్తారు. ఆ ఒక్క నిమిషం గంటకి తక్కువ ఎప్పుడూ పట్టలేదు. అక్క కూడా సరిగ్గా అలాగే వచ్చింది. చేతిలో చిన్న కాగితప్పొట్లం, అందులో తన ముందు వరస మధ్య పంటి క్యాప్.

"ఊడింది. అతికించెయ్, వెళ్లిపోతాను" అంది, తెగిన చెప్పు కుట్టించుకోవడానికి వచ్చినట్టు.

అక్క దర్జీ. మా వీధి చివర చిన్న షాపు. కోట్లు, స్కూలు యూనిఫాంలు, పెళ్లి బట్టలు అన్నీ కుడుతుంది. మిషన్ మీద కుట్టు ఎవరైనా కుడతారు గానీ, అంచులు మడిచి చేత్తో కుట్టే పనికి ఇప్పటికీ అక్కే కావాలంటారు. ఆ షాపు మూయించాలని బావగారు పట్టుపట్టి కూర్చున్నారు. పిల్లలు ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డారు, ఇంకా నీకెందుకీ చాకిరీ అని రోజూ అదే పాట. అక్కకేమో ఇంట్లో కూర్చోమంటే ఊపిరాడదు. పైగా ఎదురుగా కొత్త షాపొకటి వచ్చింది. అద్దాల తలుపులు, లోపల చిలకల్లాంటి అమ్మాయిలు. తను నవ్వితే చిగుళ్ల దగ్గర నల్ల గీత కనిపిస్తోందట. అది చూసి, ఈవిడ పనైపోయిందనుకుని జనం అటు పోతున్నారట. అందుకని ఊడినదొక్కటే కాదు, ముందు పళ్లన్నీ కొత్తగా చేయించుకుంటానని అప్పటికప్పుడు తీర్మానం చేసేసింది. నవ్వు బాగుంటే షాపు నడుస్తుంది, షాపు నడిస్తే మీ బావ నోరు మూస్తాడు అంది.

అక్కకి పైవరసలో ముందున్న ఆరు పళ్లూ సొంతవి కావు, అంటే పూర్తిగా సొంతవి కావు. దారం కొరికీ కొరికీ వయసులోనే పళ్ల అంచులకి గాట్లు పడ్డాయి. నేను చదువైపోయి కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో నాలుగింటికి వెనీర్లు అంటించాను. పంటి ముందు భాగం కాస్త అరగదీసి, గోరంత పల్చటి పింగాణీ రేకు అతికిస్తామే, అవి. మధ్య పన్ను ఒకటీ, కుడివైపు కోర పన్నూ మరీ పాడైతే వాటికి చుట్టూ అరగదీసి క్యాప్‌లు తొడిగాను. అప్పుడే చెప్పాను, దారం కత్తెరతో కొయ్యమని. అక్క అప్పుడూ బుద్ధిగా తలూపింది. తలూపడంలో తనకి సాటి లేరు.

జనం పాత క్యాప్ తీసి కొత్తది పెట్టడమంటే దిండుకి గలీబు మార్చడం అనుకుంటారు. చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది. పాతది ఊరికే ఊడి రాదు, డ్రిల్లుతో కోసి తీయాలి. పింగాణీ ఎక్కడ అయిపోయిందో, పన్ను ఎక్కడ మొదలైందో తెలియకుండా రెండూ ఒకే రంగులో ఉంటాయి. ఎంత జాగ్రత్తగా కోసినా కాస్త పన్ను పోతుంది. మార్చిన ప్రతిసారీ లోపలి పన్ను చిక్కిపోతూనే ఉంటుంది. ఒక్కోసారి లోపల నరం చచ్చిపోయి రూట్ కెనాల్ దాకా వెళుతుంది. ఒక్కోసారి మొదలే విరిగి చేతికొస్తుంది. ఇదంతా అక్కకి అరగంట చెప్పాను. ఊడినదొక్కటే బాగుచేసి మిగతావాటి జోలికి పోవద్దన్నాను. అక్క అంతా విని, అయితే ఎప్పుడు మొదలుపెడదాం అంది. గోడకి చెప్పినా ఇంతకంటే నయం.

పొట్లం విప్పి తిరగేసి చూస్తే ఇంకో ఘనకార్యం బయటపడింది. ఊడిన క్యాప్ లోపల నేను పెట్టిన సిమెంటు లేదు, పసుపుపచ్చని గట్టి జిగురుంది. అడగ్గా అడగ్గా చెప్పింది, అది ఊడటం మొదటిసారి కాదని. ఇంతకుముందు ఊడితే బావగారే షాపులో బట్టలకి రాళ్లు అంటించే జిగురు పూసి, నొక్కిపట్టి అంటించారట. నాకు ఒళ్లు మండి బావగారికి ఫోన్ చేశాను.

"ఏం మరదలా, నీ సిమెంటు కంటే నా జిగురే ఎక్కువ రోజులు పట్టింది కదా" అన్నారాయన, గర్వంగా.

ఆయనతో ఏం వాదిస్తాం! జిగురు కింద తడి చేరి పన్ను లోలోపలే పుచ్చిపోయింది. పైకి ఏ నొప్పీ తెలియలేదు, ఎందుకంటే దానికి ఎప్పుడో రూట్ కెనాల్ అయిపోయింది. పుచ్చు గీకేసరికి అగ్గిపుల్లంత మొదలు మిగిలింది. దాన్ని పీకేస్తే నయమని నా చదువు చెబుతోంది. కానీ ముందు పన్ను పీకిన చోట గుంట పెట్టుకుని అక్క కౌంటర్ దగ్గర నిలబడదు. ఇంట్లో కూర్చుంటుంది. బావగారు మర్నాడే షాపుకి తాళం వేయించేస్తారు. అది నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. అందుకే ఆ మొదల్లో సన్నటి పుల్లలాంటిది నిలబెట్టి, చుట్టూ గట్టిచేసి, ఎలాగోలా నిలబెట్టాను. మిగతా ఐదు పళ్ల మీది పాతవి కూడా ఒక్కొక్కటే కోసి తీశాను. పని ముగిసేసరికి నా మెడ పట్టేసింది, నడుం నాది కాకుండా పోయింది. అక్క మాత్రం మత్తు దిగని పెదవులతో షాపు సంగతులు చెబుతూనే ఉంది.

అసలువి ల్యాబ్ నుంచి వచ్చేలోగా టెంపరరీ క్యాప్‌లు పెట్టాను. అవి ప్లాస్టిక్కువి, మెత్తగా ఉంటాయి. వాటితో కొన్ని వారాలు గడిపి, మాట సరిగ్గా వస్తోందా, పళ్లు కుదురుగా ఆనుతున్నాయా చూసుకున్నాక అసలువి అతికిస్తాను. మా క్లినిక్‌లో పద్ధతి అది. కుర్చీ దిగేముందు అక్క భుజం పట్టుకుని, మళ్లీ దారం కొరికితే ఆ పన్ను మొదలంటా విరుగుతుందని, ఇంక నేను చేయగలిగిందేమీ ఉండదని చెప్పాను.

"నీ మీద ఒట్టే, ఆ పంటితో కొరకను" అంది.

నా ముద్దుల అక్క ఒట్టేసిందని నేను కూడా నమ్మేశాను.

అసలువి అతికించే రోజు వచ్చింది. ల్యాబతను ఈసారి మనసు పెట్టి చేశాడు. ట్రేలో పేర్చి చూస్తే నాకే ముచ్చటేసింది. పింగాణీ అని చెబితే తప్ప తెలియదు. అక్కని కూర్చోబెట్టి, లైటు దగ్గరికి లాగి, టెంపరరీలు తీయబోతూ ఆగిపోయాను. మధ్య పన్ను చెక్కుచెదరలేదు. కుడివైపు కోర పన్ను మీది ప్లాస్టిక్ అంచున మాత్రం సన్నటి గాడి ఉంది. రోజూ అదే చోట దారం పెట్టి లాగితే తప్ప అలాంటి గాడి పడదు.

నాకు కోపం నషాళానికంటింది. గాడిని అద్దంలో చూపించాను. ఒట్టు తీసి గట్టున పెట్టావా అని అడిగాను. నా నడుం విరిగేలా చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని కూడా అన్నాను. నర్సు మెల్లగా బయటికి వెళ్లిపోయింది. అక్క నిదానంగా నోరు తుడుచుకుంది.

"ఆ పంటితో కొరకనన్నాను. కొరకలేదు" అంది. "ఇది వేరే పన్ను."

వాదన ఎంత శుద్ధంగా ఉందో చూడండి! మధ్య పన్ను బలహీనమని నేను చెప్పానట, అందుకని పనంతా కోర పంటికి మార్చేసిందట. కోర పన్ను దిట్టమని తనే తేల్చేసుకుంది. దానికి అసలు పింగాణీ తొడిగి దారం లాగితే పెచ్చు లేచిపోతుందని, లోపలున్నది ఇప్పటికే సగమైపోయిన పన్నని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. అలవాటు మానుకోవడం అంత కష్టమా, చిన్నపిల్లవా అని కసిరాను. అక్క మళ్లీ బుద్ధిగా తలూపింది. దాంతో నాకింకా చిర్రెత్తింది. పళ్ల మధ్య శుభ్రం చేసే దారం ఓ మూరెడు లాగి, నా ట్రేలోని చిన్న కత్తెర తీసి అక్క చేతిలో పెట్టాను.

"కొయ్యి. ఇదిగో, ఇక్కడ నా ముందు కొయ్యి. ఎంతసేపు పడుతుందో నేనూ చూస్తాను" అన్నాను.

అక్క కత్తెర వంక చూసింది. బొటనవేలు రింగులోకి దూర్చడానికి రెండో చెయ్యి సాయం తెచ్చుకుంది. దూరింది గానీ వేలు వంగలేదు. వేలి మొదట్లోని కీలు వాచి, తోలు నిగనిగలాడుతోంది. దారాన్ని కత్తెర నోట్లో పెట్టి నొక్కింది. కత్తెర సగం మూసుకుని ఆగిపోయింది. దారం రెండు రేకుల మధ్య మడతపడి జారింది. మళ్లీ నొక్కింది. మొహంలో నొప్పి కనపడకుండా పెదవి బిగించింది. మూడోసారి కత్తెర చేతిలోంచి జారి నేల మీద పడింది.

నేను దాన్ని తీయడానికి వంగాను. వంగినచోటి నుంచే అక్క వేళ్ల వంక చూశాను.

ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, చలికాలం ముందు నుంచి అంది. సూది పట్టుకోవడానికి ఫర్వాలేదట, కత్తెర నొక్కడమే చేతకావడం లేదట. బట్ట కొయ్యడానికి షాపులో మనిషిని పెట్టుకుందట. మిషన్ దారం తెంపడానికి మిషన్‌కే బ్లేడు ఉంది. గుండీ కుట్టాక, అంచు కుట్టాక, బట్టని ఆనుకుని దారం తెంపాలంటే ఏ బ్లేడూ పనికిరాదు, బట్ట తెగుతుంది. అక్కడికి నోరొక్కటే పోతుంది. రోజుకి ఎన్నిసార్లు తెంపాలి, ప్రతిసారీ ఇంకొకరిని పిలిస్తే షాపంతా తెలిసిపోతుంది, షాపులో తెలిస్తే సాయంత్రానికి మీ బావకి తెలుస్తుంది అంది.

"నాకైనా చెప్పొచ్చుగా అక్కా" అన్నాను.

"చెబితే నువ్వూ మీ బావా ఒకటైపోతారు. మంచిమాటలు చెప్పి కూర్చోబెడతారు." చేతులు ఒళ్లోకి తీసుకుంది. "పన్ను ఊడితే నువ్వు ఇంకోటి పెడతావు. వేళ్లు ఎవరు పెడతారే?"

ఇన్నేళ్లుగా అక్క నోరు నాకు కొట్టినపిండి. ఏ పన్ను ఎంత అరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ నోటి కింద, నా కుర్చీ చేతుల మీద, ఈ చేతులు ప్రతిసారీ నా కళ్లెదుటే ఉన్నాయి. అలసిపోయానని, చుట్టాలు వేళాపాళా లేకుండా వస్తారని విసుక్కోవడంతోనే సరిపోయింది నాకు. సిగ్గేసింది, బాధేసింది, ముందే చెప్పనందుకు అక్క మీద కోపం కూడా వచ్చింది.

కోర పంటికి చేసిన పింగాణీ క్యాప్ ట్రేలోంచి తీసి పక్కన పెట్టాను. ల్యాబతనికి ఫోన్ చేసి, అదే పంటికి ఇంకోటి చెయ్యమన్నాను. వెనకవైపంతా లోహం, కొరికే అంచు కూడా లోహమే, ముందువైపు మాత్రం కాస్త పింగాణీ పూత. అతను నొచ్చుకున్నాడు. ఇంత అందంగా చేసినదాన్ని పక్కన పడేసి ఈ రోజుల్లో ఎవరు మేడం లోహం అడుగుతారు, నవ్వితే చివర తళుక్కుమంటుంది, నా పనికే చెడ్డపేరు అన్నాడు. చెడ్డపేరు వస్తే నాకే వస్తుందిలే, నువ్వు చెయ్యి అన్నాను.

ఫోన్ పెట్టేసి అక్కకి చెప్పాను. దారం ఇక ఆ ఒక్క పంటితోనే, అదీ ఆ లోహపు అంచుతోనే తెంపాలి, మిగతా ఐదింటికీ దారం తగిలిందో నా మొహం చూపించను అన్నాను. చెయ్యి ఎముకల డాక్టరుకి చూపిస్తేనే బావగారి దగ్గర నోరు మెదపను అని కూడా అన్నాను. నవ్వినప్పుడు చివర కాస్త మెరుస్తుంది, తెల్లగా కావాలని వచ్చావు కదా, ఆలోచించుకో అన్నాను.

"మెరిస్తే మెరవనీ. బంగారప్పన్ను అనుకుంటారు" అంది అక్క. మళ్లీ తనే అడిగింది. "అది ఎన్నాళ్లొస్తుంది?"

లోపలున్నది సగం పన్నే గనక గట్టిగా మాటివ్వలేను గానీ, జాగ్రత్తగా వాడితే పదేళ్లు వస్తుందన్నాను. అక్క తన బొటనవేలిని రెండో చేత్తో మెల్లగా నిమురుకుంటూ తనలో తను లెక్కేసుకుంది.

"అన్నేళ్లెందుకే" అంది. "నాలుగేళ్లొస్తే చాలు. ఆ తర్వాత ఎలాగూ సూది కూడా పట్టలేను."

నేను మాస్కు పైకి లాక్కున్నాను. నాకు ఏడుపొస్తోంది. మాస్కు ముక్కు దాకా కప్పుతుంది గానీ కళ్లని కప్పదు. లైటు అటూ ఇటూ తిప్పుతూ కాసేపు గడిపి, మిగతా ఐదూ అతికించడానికి నోరు తెరవమన్నాను.