కారణం గడిలో రాయని మాట

వెర్నా సాబొల్ మనుషుల్ని అంచనా వేయడం నేర్చుకున్నది పింగాణీ కర్మాగారం గేటు పక్కనున్న కొట్టులో. కొలిమిలో గీత పడ్డ పళ్లేలు, పిడి వంకరపోయిన కప్పులు అక్కడ సగం ధరకు అమ్మేవారు. ఇరవై రెండేళ్లు అమ్మింది. మార్చిలో కొలిమి ఆరిపోయింది, కొట్టూ మూతపడింది. అప్పట్నించి వారానికి మూడువందల పద్దెనిమిది డాలర్ల నిరుద్యోగ భృతితో ఇంటి వాయిదా నెట్టుకొచ్చింది. మేలో అదీ ఆగింది.

ఆగడానికి కారణం ఒక కార్డు. క్రౌథర్ ఇటుకల ఫ్యాక్టరీలో పని ఉంది వెళ్లమని భృతి ఆఫీసు ఆమె చేతికి కార్డు ఇచ్చింది. వెర్నా వెళ్లింది. గేటు ముందు ఇనుప డ్రమ్ములో మంట, చుట్టూ అట్టలు పట్టుకుని సమ్మె చేస్తున్న జనం. కారు వెనక్కి తిప్పి, ఒక పెట్టెడు డోనట్లు కొనుక్కొచ్చి వాళ్ల చేతిలో పెట్టి ఇంటికి వచ్చేసింది. లోయలోని వాళ్ల ఊరు మార్లో ఫెర్రీలో సమ్మె దాటి లోపలికి వెళ్లినవాళ్లని వాళ్ల అంత్యక్రియల రోజున కూడా గుర్తు చేసుకుంటారు.

తప్పు ఆ తర్వాత జరిగింది. పని ఎందుకు వద్దన్నారు అని అడిగిన గడిలో 'సొంత కారణాలు' అని రాసింది. ఆ లోయలో అందరూ అంతే. సమ్మె పక్కన నిలబడతారు గానీ ఆ మాట కాగితం మీద పెట్టరు. ఆ కాగితం ఏ యజమాని బల్ల మీదికి చేరుతుందో అని భయం. ఆమెతో పాటు కొట్టులో చేసి, అదే కార్డు అందుకున్న మరో ముగ్గురూ అదే రాశారు. నలుగురికీ భృతి ఆగింది. నలుగురి అప్పీళ్లూ ఒకే రోజు విచారణకు వచ్చాయి.

"లోపల ఏం చెప్తావే?" అంది ఆ ముగ్గురిలో ఒకతె, విచారణ గది బయట బెంచీ మీద కూర్చున్న టామీ ఓచిల్‌ట్రీ.

"నిజం."

"నిజం చెప్పి బాగుపడ్డదాన్ని ఇవాళ కళ్లారా చూస్తానన్నమాట!"

గదిలో అప్పీళ్ల అధికారి హార్ట్‌జెల్, క్రౌథర్ తరఫున డన్‌లీవీ అనే మనిషి కూర్చున్నారు. బల్ల మీద రికార్డరు తిరుగుతోంది.

"మిసెస్ సాబొల్, ఆ రోజు మీ కారు గానీ మొరాయించిందా?" అన్నాడు హార్ట్‌జెల్ మెత్తగా. "అదైతే సరైన కారణమే. ఇప్పుడే ముగించేద్దాం. శుక్రవారానికల్లా డబ్బు పడుతుంది."

"మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు డన్‌లీవీ.

వెర్నా లెక్క వేసుకుంది. అడక్కుండానే ధర తగ్గిస్తున్నారు. కొట్టులో తనూ అదే చేసేది, పళ్లెంలో పగులు కొనేవాడి కంట పడకముందే. ఇక్కడ వీళ్లు దాచే పగులు సమ్మె. కారు అంటే శుక్రవారం డబ్బు, తన ఒక్కదానికి. టామీకి కారే లేదు. సమ్మె అంటే నలుగురికీ వస్తుంది, లేదా నలుగురికీ పోతుంది. ఆ పైన తన పేరు లోయంతా తిరుగుతుంది.

"నా కారు గుర్రంలా ఉంది సార్. అక్కడ సమ్మె జరుగుతోంది, అందుకే లోపలికి వెళ్లలేదు. రాసుకోండి."

"కాగితంలో సొంత కారణాలని ఉందే?" అన్నాడు హార్ట్‌జెల్.

"భయపడి రాశాను. ఆ భయం ఖరీదు ఆరు వారాల భృతి. ఇంక పెట్టలేను."

"సమ్మే లేదు, ఏమీ లేదు," అన్నాడు డన్‌లీవీ. "వాళ్లే మానేసి పోయారు."

"ఎంతమంది బాబూ?"

"ఇరవై ఆరు."

"మరి ఆఫీసు గోడ మీద మీరు వేయించిన ఖాళీలెన్ని? ఇరవై ఆరు! ఒక్కటైనా తేడా పెట్టి అతికించాల్సింది."

"ఏది తగిన పనో మన రాష్ట్ర చట్టం చూసుకుంటుందమ్మా," అన్నాడు హార్ట్‌జెల్.

"ఆ చట్టం దేని మీద ఆనుకుని నిలబడిందో లైబ్రరీలో మూడ్రోజులు కూర్చుని చదివాను సార్. సమ్మె వల్ల ఖాళీ అయిన పని వద్దన్నవాళ్లకి భృతి ఆపకూడదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం దానికి కట్టుబడాలి. ఏమయ్యా, పనివాడికి ఏడాదికి నువ్వు వాషింగ్టన్‌కి కట్టే పన్నెంత?"

"నలభై రెండు డాలర్లు," అన్నాడు డన్‌లీవీ అయిష్టంగా.

"అసలు నాలుగువందల ఇరవై. రాష్ట్రం మాట మీద ఉంటుందనే మిగతాది వదిలేస్తున్నారు. మాట తప్పితే ఆ మినహాయింపు రాష్ట్రంలో ప్రతి యజమానికీ పోతుంది. నా మూడువందల పద్దెనిమిది కోసం అంత బేరం పెట్టుకుంటారా?"

"ఒక్క కేసుకి అంత దూరం పోదు," అన్నాడు హార్ట్‌జెల్.

"ఒక్కటెక్కడ? బెంచీ మీద ఇంకో ముగ్గురున్నారు. ఈ రికార్డు కాపీ పెట్టి వాషింగ్టన్‌కి నలుగురమూ రాస్తాం."

హార్ట్‌జెల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రికార్డరు ఆమె ముందుకు జరిపాడు. "కారణం మళ్లీ చెప్పండి. స్పష్టంగా."

"సమ్మె. వాళ్ల ముందు నుంచి నడిచి వాళ్ల పని తీసుకోను."

"తీర్పు పోస్టులో వస్తుంది," అంటూ అతను ఫోనందుకున్నాడు. క్రౌథర్‌కి వెళ్లమనే కార్డులు ఇవ్వడం ఆపమని కింది ఆఫీసుకి చెప్పాడు.

డన్‌లీవీ ఆమె వెంటే గుమ్మం దాకా వచ్చాడు. "ఇక ఈ లోయలో నీకు పని ఎవడిస్తాడో చూస్తా."

"చూడు. ఎవరెవరు ఇవ్వరో నేనూ పేర్లు రాసుకుంటా. ఇప్పుడు ఏ ఆఫీసుకి పంపాలో తెలుసుగా."

బెంచీ మీంచి టామీ లేచింది. "నేనేం చెప్పనే?"

"నేను చెప్పిందే. వణికినా ఫర్వాలేదు, మాట మింగకు."

టామీ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకునే లోపే ఆమె గొంతు వరండా చివరిదాకా వినిపించింది.

"సమ్మె సార్! పెద్దక్షరాల్లో వేసుకోండి."